డ్రై, డ్రయ్యర్, డ్రయ్యెస్ట్

మొన్న రాయదుర్గంలో మా కూతురింటికి పోయినప్పుడు, జన్మలో మొదటిసారి జీన్సు ప్యాంటు కొనుక్కున్నాను. ఊరు ఊరంతా జీన్సు కుట్టి బతుకుతుంటే, అల్లుడు కూడా ఆ పనిలోనే ఉంటే, మామ ఒక్కడు పంచె కట్టుకుని తిరగడం ఏం మర్యాద అని అల్లుడే బతిమాలాడు. బతిమాలలేదు. అసలు ఆ మాటే ఎత్తలేదు. నాకే కోరిక పుట్టింది. అంగట్లో పిల్లవాడు నా నడుము వైపు ఒకసారి, నా తల వైపు ఒకసారి చూసి, "తాతా, నీకు స్లిమ్ము వద్దు. రెగ్యులర్ గూడా పట్టేస్తాది. రిలాక్స్‌డ్ తీస్కో, లార్జు" అన్నాడు. బడిలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, నాకు ముచ్చటేసింది. విశేషణమంటే ఎద్దులాంటిది, దాని వెనక నామవాచకమనే బండి ఉండాలి అని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఈ అంగట్లో బండ్లన్నీ మాయమైపోయి ఎద్దులే యథేచ్ఛగా తిరుగుతున్నాయి. స్లిమ్ము ఒక అరలో, లార్జు ఒక అరలో. పైన కొక్కేనికి మోకాళ్ల దగ్గర చిరిగిపోయిన ప్యాంటు ఒకటి వేలాడుతోంది. పాపం కుట్టేటప్పుడు పాడైందేమో, తక్కువకిస్తాడేమో అని అడిగాను.

"పాడైంది కాదు తాతా, అది రిప్‌డ్. దానికే జాస్తి రేటు."

"బొక్కలకు గూడా దుడ్లు తీస్కుంటారేమప్పా?"

"బొక్కలకే తాతా దుడ్లు! గుడ్డ ఊరికె ఇస్తాండాం" అని నవ్వాడు.

ఆ ప్యాంటును వెలుతురుకు అడ్డంగా ఎత్తి పట్టుకుని చూశాను. బొక్కలోంచి ఎండ సరిగ్గా రూపాయి బిళ్లంత నా చేతిమీద పడింది. అంతే, నేను రాయదుర్గం అంగట్లో లేను. వజ్రకరూరుకు గుత్తికి మధ్య, మా పాత ఊర్లో, బోదగడ్డి కప్పిన మా కొట్టంలో నేలమీద కూర్చుని ఉన్నాను. నా ముందర ఒక ఆఫీసరు విస్తరి వేసుకుని ఓళిగ, అదే బొబ్బట్టు, తింటున్నాడు.

ఆ సంగతి చెప్పాలంటే ముందు నా ఇంగ్లీషు సంగతి చెప్పాలి. ఆ చుట్టుపక్కల ఏడూళ్లలో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. ఇంగ్లీషులో మొదటి తరగతి. సరే, మూడో తరగతి. అదీ రెండోసారి రాస్తే. కానీ ఊరికి ఆ వివరాలు తెలియవు గనక పేరు పేరే. నాకు ఇంగ్లీషు నేర్పిన సారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. పోలికలు చెప్పడానికి మొదటి రోజు బోర్డు మీద గ్రీన్, గ్రీనర్, గ్రీనెస్ట్ అని రాసి, "అదిగో చూడండి" అంటూ కిటికీలోంచి బయటికి చేయి చాపాడు. చాపిన చేయి అట్లాగే ఉండిపోయింది. బయట గుట్ట, గుట్ట కింద రాళ్లు, రాళ్ల మధ్య ఒక మేక. ఆయన కొంచెంసేపు ఆలోచించి, బోర్డు తుడిచేసి డ్రై, డ్రయ్యర్, డ్రయ్యెస్ట్ అని రాశాడు. మాకు ఒక్కసారికే అర్థమైపోయింది. పోయినేడు, ఈ ఏడు, వచ్చే ఏడు. ది పూర్ అంటే పేదవాళ్లు, ది ఓల్డ్ అంటే ముసలివాళ్లు అని కూడా ఆయనే నేర్పాడు. ఒక్క మాటతో ఇంతమందిని కట్టగట్టి చెప్పొచ్చా అని అప్పట్లో నాకు మహా ఆశ్చర్యం.

డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం చేతికి రాక ఇంట్లో ఉన్న ఏడు, కరువు నిజంగానే డ్రయ్యెస్ట్ అయింది. వేసిన శనక్కాయ వేసినట్టే మాడిపోయింది. మనుషులకు ఏదో ఒకటి దొరుకుతుంది, పశువులకు ఎక్కడ తెచ్చేది? మా నాయనకు రెండెద్దులు. వాటికి పేర్లు లేవు. ఒకటి ఎర్రది, ఒకటి బూడిదరంగు మైలది. చొప్ప అయిపోయింది, శనక్కాయ కట్టె అయిపోయింది, చివరికి మా నాయన రోజూ పొద్దున లేచి కొట్టం ఎక్కి పైకప్పు బోద ఒక చారెడు పీకి వాటి ముందర వేసేవాడు. అది మేత కాదని వాటికీ తెలుసు, ఆయనకూ తెలుసు. ఒకదాని ముఖం ఒకటి చూసుకుని నమిలేవి. ఒక సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని పాత నారతో రెండు పలుపులు పేనుతుండగా చూశాను. మావైపు ఎద్దును అమ్మితే దాని పలుపు కొన్నవాడికివ్వరు, అది ఇంటి లక్ష్మి. వేరే తాడు కట్టి పంపుతారు. ఆ పేనే పలుపులు అందుకేనని అర్థమైంది. ఆ కరువులో సంతకు పోయే ఎద్దును కొనేవాడెవడూ లేడు, కటికవాడు తప్ప.

అట్లాంటప్పుడు కబురొచ్చింది. ఢిల్లీ నుంచి ఆఫీసరు కరువు చూడడానికి వస్తున్నాడు, మా ఊరూ పక్కూరూ చూసి రెంటిలో ఎక్కువ కష్టంలో ఉన్న ఊరికి గడ్డి డిపో ఇస్తాడు. డిపో వస్తే ఎద్దులు నిలుస్తాయి, లేకపోతే పలుపులు సిద్ధంగా ఉన్నాయి. ఊరి పెద్దలు వచ్చి, "ఏమప్పా, నువ్వే మాట్లాడల్ల. గట్టిగా చెప్పల్ల" అన్నారు. నేను మూడు రోజులు గుట్టెక్కి కూర్చుని విశేషణాలు పోగుచేశాను. మిజరబుల్, ప్యాథటిక్, హార్ట్‌బ్రోకెన్. ఒక ఎద్దుల మందంత.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఆమె సన్నాహం వేరు. ఆఫీసరుకు భోజనం మన ఇంట్లోనే, ఓళిగలు చేస్తానంది. మా నాయన నెత్తి కొట్టుకున్నాడు.

"కరువు చూసేకి వస్తాండేటోనికి ఓళిగలేందిమా?"

"కరువు మనకు రా, ఆయప్పకేంటికి? ఇంటికొచ్చినోన్ని కడుపు మాడ్చి పంపితే రేపు వాన పడుతుందా?"

వీధిలో ఆడవాళ్లంతా ఆమె పక్షమే. ఒకామె శనగబ్యాళ్లు తెచ్చింది, ఒకామె బెల్లం, మరొకామె ఏ పండక్కో అని అటక మీద దాచుకున్న పిడికెడు నెయ్యి. అంతటితో ఆగారా? పైకప్పు బోద పీకినచోట్ల ఆకాశం కనిపిస్తోందని, మా అవ్వ తన పాత చీరలు రెండు పైన దూలాలకు పెండ్లి పందిట్లో మాదిరి కట్టించింది. కష్టం చూపించడానికి పిలిచి కష్టాన్ని చీర చాటున దాచడం ఏమిటని నాకు ఒళ్లు మండింది. "పరాయోళ్ల ముందర ఇల్లు బోడిగా ఉండగూడదు. నువ్వు గమ్మునుండు" అంది.

ఆఫీసరు మూడు జీపులతో వచ్చాడు. కాదులెండి, ఒకటే జీపు. దాన్ని కూడా ఊరి బయట ఇసకలోంచి మేమే తోసుకొచ్చాం. ఆయనతో వచ్చిన తెలుగు ఆఫీసరు ఏర్పాట్లు చూడాలని పక్కూరికి ముందుగానే పోయాడు గనక, ఆయనకూ ఊరికీ మధ్య నేనే వంతెన. గొంతు సవరించుకుని, "సర్, లాస్ట్ ఇయర్ డ్రై. దిస్ ఇయర్ డ్రయ్యర్. అవర్ విలేజ్, డ్రయ్యెస్ట్!" అన్నాను. ఆయన మంచివాడు. నవ్వి, నిన్నటి నుంచి నాలుగూళ్లు చూశాను, నాలుగూ డ్రయ్యెస్టే అన్నాడు. నేను నా మందను వదిలాను. మిజరబుల్ అన్నాను. మోర్ మిజరబుల్ అన్నాను. ఆయన తల ఊపుతూ చెమట తుడుచుకున్నాడు. తర్వాత, ఈ ఊర్లో ది పూర్ ఎవరు, వాళ్లతో మాట్లాడతాను అన్నాడు.

"ఈడ పేదోళ్లు ఎవురని అడుగుతాండాడు" అని నేను జనం వైపు తిరిగి చెప్పాను.

అందరూ తలకు చుట్టిన తువ్వాలు సర్దుకున్నారు. చివరికి ఒకాయన, "మాకేమప్పా, సంగటికి లోటు ల్యా. ఆ దిగువ వీధోళ్లను చూడమను" అన్నాడు. దిగువ వీధివాళ్లు వెంటనే, "మేము బాగానే ఉండాంలే, ఎవురికీ చెయ్యి చాపింది ల్యా" అన్నారు. చివరికి అందరూ కలిసి ఒకమాటమీదికి వచ్చారు. "మాకంటే పక్కూరోళ్లే రోంత ఇబ్బందిలో ఉండారు, పాపం." దీన్ని ఇంగ్లీషులోకి ఎట్లా మార్చాలో నాకు తెలియలేదు. తెలిసింది, నోరు రాలేదు.

అప్పుడు భోజనం. చీరల పందిరి కింద, కడిగిన నేలమీద, విస్తట్లో ఓళిగ, ఓళిగ మీద నెయ్యి. ఆయన ఒకటి తిన్నాడు. రెండోది అడిగి వేయించుకున్నాడు. మూడోది వద్దంటూనే తిన్నాడు. తింటూ తలూపి నాతో ఏదో అన్నాడు. గోడవారగా నిలబడిన మా నాయన, "ఏమంటాండాడు?" అని అడిగాడు.

"ఓళిగలు భలే ఉండాయంట."

"ఇంకా ఏందో అన్న్యాడే?"

"మన ఊరు మేలంట నాయనా. వేరే ఊర్లకంటే బాగుండాదంట."

మా నాయన గూట్లో చుట్టి పెట్టిన పలుపుల వైపు చూసి, నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. నాకు ఆ ఓళిగలన్నీ జీపుకేసి కొట్టాలనిపించింది. గుట్టెక్కి పోగుచేసిన మాటల్లో ఒక్కటీ ఆ పిడికెడు నేతి ముందర నిలవలేదు.

అప్పుడు పైన కర్రుమని చప్పుడైంది. ఇంటి వెనక గుంజకు కట్టేసిన ఎర్రది, తన పూటకు ఎవరూ ఏమీ వేయలేదని, మెడ చాచి చూరు పట్టుకుని లాగింది. ఒక మోపు బోద ఊడింది. దాంతోపాటు చీర కొస ఊడి వేలాడింది. ధారగా మట్టి, వెనకనే ఎండ. ఎండ నేరుగా పోయి ఆఫీసరు విస్తట్లో, సగం తిన్న ఓళిగ మీద పడింది. మా నాయన "హేయ్" అంటూ వెనక్కి పరుగెత్తబోయాడు. ఆఫీసరు చేయెత్తి ఆపాడు. పైకి చూశాడు. కప్పులో పడిన ఆ సందులోంచి ఎర్రదాని మూతి కనిపిస్తోంది, తాపీగా నములుతోంది.

అదేం చేస్తోంది అని అడిగాడు.

మా అవ్వకు ఇంగ్లీషు రాదు గానీ ఆ చూపు అర్థమైంది. "ఏం చేస్తాదిరా, ఇల్లు తింటాండాది. దినామూ తినేదే గదా. చెప్పు ఆయప్పకు" అంది.

నేను నోరు తెరిచాను. మందకు మంద విశేషణాల్లో ఒక్కటీ రాలేదు. "సర్," అన్నాను, "బుల్లాక్... ఈటింగ్... హౌస్."

ఆయన లేచి వేలాడే చీరను పక్కకు తీశాడు. కొట్టం నిండా బొక్కలు, బొక్కల నిండా ఆకాశం. కిందికి తన విస్తరి వైపు చూసుకున్నాడు. "ఏంటికి నిలిపినాడు? తినమను. ఓళిగేం పాపం చేసిందంట?" అని మా అవ్వ గదమాయించింది. ఆయన మళ్లీ కూర్చుని, ఆ మిగిలిన సగం, మట్టి దులుపుకుని తిన్నాడు. చేయి కడుక్కుని వీధి పొడుగునా నడిచాడు. అంతకుముందు మేమెవ్వరం చూపించనిది, రోజూ చూసి చూసి మాకే కనిపించనిది, ఆయన చూశాడు. రెండు పక్కలా ప్రతి కొట్టం చూరూ, ఎద్దు మెడ ఎంతెత్తు అందుతుందో అంతవరకు, గీత గీసినట్టు కొరికేసి ఉంది.

జీపు ఎక్కుతున్నప్పుడు మా నాయన నా భుజం తట్టి, "పక్కూరోళ్లవి గూడా ఎద్దులే అని చెప్పప్పా" అన్నాడు. ఆ మాట చెబితే మన డిపో పోతుందేమోనని నాకు భయం. ఆయన చేయి నా భుజం మీదినుంచి తీయలేదు. చెప్పాను. గడ్డి డిపో రెండూళ్ల పొలిమేరలో పెట్టారు. ఎర్రది, మైలది రెండూ మరుసటి ఏడు మొదటి వానకు మడకలో నడిచి దుక్కి దున్నాయి. కొత్త బోద కప్పినప్పుడు మా నాయన ఆ రెండు పలుపులనూ తెచ్చి వాసాలకు బిగించి కట్టాడు. ఆ కొట్టం ఉన్నన్నాళ్లూ అవి అక్కడే ఉన్నాయి.

బడిలో ముప్పై ఏళ్లు ఈ కథ చెప్పాను. విశేషణాలన్నీ కావాలనే పక్కన పెట్టి, మూడంటే మూడు మాటలతో ఢిల్లీని కదిలించానని చెప్పేవాణ్ణి. అంతా కోత. ఆ పూట భయానికి ఈజ్ అనే మాట కూడా మరిచిపోయాను. అయినా మర్నాటి నుంచి మళ్లీ విశేషణాల వెంటే పడ్డాను. నోటి రుచి కదా, పోదు.

ఇప్పుడు ఆ కొట్టం లేదు, స్లాబు ఇల్లు. ఎద్దులూ లేవు, ట్రాక్టరు. నేనూ అంగట్లో పిల్లవాడు చెప్పినట్టు రిలాక్స్‌డ్ లార్జే కొని ఉంటానని మీరు అనుకుంటున్నారు. లేదు, పై కొక్కేనికున్నదే దించమన్నాను. ఇంటికొచ్చి తొడుక్కుంటే మా కూతురు నోరు నొక్కుకుని, "నాయనా, మీ అవ్వ ఉండింటే పొద్దున్నే సూది ఎత్తుకుని కుట్టేసుండు" అంది. నిజమే, కుట్టేసేది, పైన చీర కూడా కట్టేది. నేను మాత్రం అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను, ఎండ మోకాలి మీద రూపాయి బిళ్లంత పడింది. కాలం కూడా మా ఎర్రదాని లాంటిదే అనిపించింది. చూరు నుంచి మొదలుపెట్టి తాపీగా ఇల్లంతా తింటుంది, కానీ అది తిన్నచోటల్లా కొంచెం వెలుతురు పడుతుంది.