ఊలు దారంతో కుట్టిన సంచి

తణుకులో ఉద్యోగంలో చేరిన మా మనవరాలు, తొలి జీతం అందగానే మొన్న ఏలూరు వచ్చి నా పక్కన కూర్చుని, అద్దెకింత, ఆపదకింత, పొదుపుకింత అని ఫోనులో గళ్లు కట్టుకున్న వైనం చూపించింది. నేను ముచ్చటపడి మెచ్చుకుంటూ ఉండగానే ఆపద గడిలోంచి తీసి చెవిపోగులకు ఆర్డరు పెట్టేసి, వచ్చే నెల మళ్లీ వేసేస్తాలే నానీ అంది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఒకప్పుడు నేనూ అన్న మాటే కదండీ అది!

మా నాన్న తివాచీలు నేసేవారు. మగ్గం మీది నుంచి తివాచీ దిగితేనే డబ్బు, లేకపోతే లేదు. అందుకని, ఇంట్లో జాకెట్లు కుట్టే మా అమ్మీ, మిగిలిన లైనింగు గుడ్డలతో మూడు చిన్న సంచులు చేసి, డబ్బు చేతికందిన రోజునే అద్దెకూ, జబ్బుకూ, నా చదువుకూ విడివిడిగా వేసి, నాన్న తెచ్చే ఊలు దారం ముక్కలతో వాటి మూతులు కుట్టేసేది. ముడి అయితే చెయ్యి ఊరికే విప్పేస్తుందట, కుట్టయితే కత్తెర వెతుక్కునేలోగా బుద్ధి వస్తుందట. మేము నవ్వుకునేవాళ్లం గానీ, మగ్గం ఆగిన నెలల్లో కూడా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

నాకు తాడేపల్లిగూడెంలో టీచర్ ట్రైనింగు సీటు వచ్చింది, ఫీజుకు రెండు నెలల గడువు. ఇంతలో రంజాన్ వచ్చింది, పక్కింటి పిల్లల జరీ ఓణీలు చూసి నా మనసు లాగేసింది. కత్తెర దొరికింది గానీ బుద్ధి రాలేదు. చదువు సంచి కోసి డబ్బు తీసి, అదే ఎర్ర ఊలుతో మళ్లీ కుట్టేసి, ఓణీ స్నేహితురాలు ఇచ్చిందని బొంకాను.

రోజంతా కుట్టే మనిషికి కుట్టు తెలియదా? సంచి చేతిలోకి తీసుకోగానే అమ్మీ “ఇది నా కుట్టు కాదే” అంది. వచ్చే నెల వేసేస్తానని నసిగాను. తిట్టలేదు, కొట్టలేదు, “ఏ నెల? ఎక్కణ్ణుంచి?” అని మాత్రం అడిగింది. సిగ్గుతో ఏడ్చేశాను. పోనీ జబ్బు సంచి కొయ్యమని నాన్న అంటే, అది జబ్బుకేనండీ అని ససేమిరా ఒప్పుకోక, నా చేతికి సూది ఇచ్చింది.

ఇక నాకూ పంతం వచ్చింది. ఆ సీటు పోనిస్తే నేను మనిషినే కాదనుకుని, వీధిలో అందరి జాకెట్లకూ హుక్కులు కుట్టాను, కాజాలు తీశాను, వేళ్లు పుళ్లు పడినా వదల్లేదు. వారం వారం సంచి కోయడం, డబ్బు వేయడం, మళ్లీ కుట్టడం అన్నీ అమ్మీ నా చేతే చేయించింది. గడువు రోజు పొద్దున గూడెం రైలుకు బయలుదేరుతుంటే, సంచి అటూ ఇటూ తిప్పి చూసి “ఇది నువ్వు కుట్టిందా, నేను కుట్టిందా?” అంది. ఆ పూటే ఫీజు కట్టేశాను.

పంతులమ్మగా రిటైరయ్యాను. మా వీధిలో ఇప్పుడు మగ్గాలు లేవు, ఊలు దారాలూ లేవు. ఫోను మా పిల్ల వేలిని ఇట్టే గుర్తుపడుతుంది గానీ, డబ్బు ఎందుకు తీస్తున్నావని అడగదు. మొన్న పిల్ల ఆ మాట అనగానే అమ్మీ లేని లోటు ఎంతగా తెలిసిందో! అందుకే నేనే అడిగాను, ఏ నెల, ఎక్కణ్ణుంచి అని. పిల్ల నా ముఖంలోకి చూసి, ఆర్డరు రద్దు చేసింది. అడిగిన ఆ గొంతు నాదో, అమ్మీదో, నాకే తెలియలేదు.