అంచున లేని అంకెలు

"మీ నాన్నగారు కెమెరా మూత తియ్యడం మరిసిపోయుంటారు మేడం. పెద్దోరు కదా, కళ్ళు కూడా..." అంటూ స్టూడియో వాసు ఫిల్మును కౌంటర్ మీదకు తోశాడు. నీళ్ళంత తేటగా ఉంది. ఒక్క బొమ్మ లేదు.

ఫెబా పక్కనే ఆమె తండ్రి యోహాన్ నిలబడి ఉన్నాడు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. అంత ఎత్తున కూర్చుని, కింద మనిషి చెయ్యి ఊపిన తీరును బట్టి బరువు దించినవాడు. నలుపు తెలుపు ఫిల్ముతో ఫొటోలు తీయడం ఒక్కటే ఆయన సరదా. ఇప్పుడు కళ్ళలో శుక్లాలు కమ్ముతున్నాయి. ఆ సంగతి వాసుకి తనే చెప్పుకున్నాడు పాపం.

యోహాన్ కంచరపాలెంలో ఇంటికొచ్చాక కెమెరాను తువ్వాలులో చుట్టి కూతురి చేతిలో పెట్టాడు. "ఎవలికైనా ఇచ్చీయే. నాకింక కనబడదు."

ఫెబా మర్నాడు పాప గుడ్డలు ఆరేస్తూ ఆ ఫిల్మును ఎండకు పట్టి చూసింది. కెమిస్ట్రీ చదివి కూడా కొట్లోనే ఎలా కనిపెట్టలేదో! ఫిల్ము అంచున కంపెనీవాళ్ళు ముందే వేసిన అంకెలుంటాయి. మూత తీసినా తీయకపోయినా, కడిగితే అవి నల్లగా తేలాల్సిందే. ఇక్కడ అవీ లేవు.

వెంటనే వాసుకి ఫోన్ చేసింది.

"ఈ ఫిల్ము దేన్లో కడిగేరు?"

"మిషన్లోనండి. అన్నీ అందులోనే ఏత్తాం."

"అది రంగుల మిషను! నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మంటే వెండే. ఆ మిషన్లో మందు వెండినంతా తినేస్తాది. డబ్బీ మీద రాసుంది, మా నాన్న నోటితో కూడా చెప్పేరు కదా!"

"ఒక్క రీలుకి ఇంత గొడవేటి మేడం?"

తప్పు చేసింది చాలక, దాన్ని ముసలాయన కళ్ళ మీదకు నెట్టేశాడు!

కెమెరాలో ఆయన తీసిన ఇంకో రీలుంది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వనంది ఫెబా.

"అటక మీద ఫిల్ము కడిగే నా మెటాల్, హైడ్రోక్వినోన్ పొడులున్నాయి. అయ్యే కలుపు" అన్నాడు యోహాన్, పెద్ద ఆశ లేకుండానే.

ఫెబా వద్దంది. పాప కేథరిన్ నేల మీద ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటోంది. అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చే భర్త కెన్నీని సైతం స్నానం చేయందే పాపను ఎత్తుకోనివ్వదు. అలాంటిది ఆ విషప్పొడులు ఇంట్లో విప్పడమా?

"కాఫీతో కడుగుతాను నాన్నా. కాఫీపొడి, చాకలి సోడా, విటమిన్ సి."

"ఒలే, మతి పోనాదేటే? ఆడు మిషన్లో పాడుసేసేడు, నువ్వు టిఫిన్ కొట్టు పెట్టి పాడుసేత్తావా?"

"మాటలెందుకు, ముక్క వేసి చూద్దాం."

రీలు బయటకు ఉండి ముందే వెలుతురు తగిలిన ఫిల్ము కొనను కత్తిరించి, గ్లాసులో కలిపిన కాఫీలో వేసింది. తండ్రీ కూతుళ్ళు గ్లాసు మీదకు వంగారు. కాసేపటికి ముక్క నల్లబడింది, కాఫీ పనిచేస్తోందన్నమాట.

"ఓలమ్మ!" అన్నాడు యోహాన్.

చివర్లో బొమ్మను నిలబెట్టే హైపో మందుకి మాత్రం బదులు లేదు, అదొక్కటి అటక మీంచి దించింది. పాపను కెన్నీకి అప్పజెప్పి, స్నానాల గది గడియ పెట్టుకుని చీకట్లో పని కానిచ్చింది. ఇల్లంతా తడిసిన గోనెసంచుల కంపు.

తలుపు తీసి, తడి ఫిల్మును కిటికీకి పట్టగానే ముందు అంచు చూసింది. అంకెలు, వరసగా! వాటి పక్కనే బొమ్మలు. జెట్టీ దగ్గర వల బాగుచేసుకుంటున్న జాలరి ఎల్లాజీ, బకెట్లో కూర్చున్న కేథరిన్. సగం బొమ్మలు మసకమసకగా ఉన్నాయి. ఆ మాట ఎలా చెప్పాలా అని ఆమె నలుగుతుంటే, యోహాన్ ఫిల్మును కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని ఒక్కొక్కటే చూశాడు.

"ఇయి కుదరనేదే. కళ్ళు పోతన్నాయి, నిజవే." ఉన్నట్టుండి గొంతు లేచింది. "కానీ మూత తీసేను! పెతీదానికీ తీసేను!"

"తీసేవు నాన్నా."

"ఇది ఆరనీ. ఆరగానే బండి తియ్యి. ఆ వాసుగాడి కళ్ళకి ఏటయిందో సూడాల."