పడుగు దాటని రాజమణి సిస్టర్

మొన్న పెబ్బేరు దగ్గర బస్సు ఆగితే, కిటికీలోంచి పులిసిన కల్లు వాసన వచ్చింది. పక్కనాయన ముక్కు మూసుకున్నాడు. నాకేమో రాజమణి సిస్టర్ గుర్తొచ్చింది. ఆమె కల్లు ముట్టి ఎరగదు. కల్లు ఒక్కసారిగా మానేసి, లేనివి కనబడి అల్లాడే మనుషుల పక్కన కూర్చోవడం ఆమె ఉద్యోగం. ఆ పని పట్నంలో పద్ధతిగా నేర్చుకొచ్చింది. ఎనభైల చివర్లో వనపర్తిలోని ఒక చిన్న దవాఖానలో నన్ను ఆమె కింద శిక్షణకు పెట్టారు. "ఏం కొలువు బిడ్డా?" అని అమ్మ అడిగితే, "కూసునుడు" అన్నాను. "గది ఇంట్ల జేస్తనే ఉన్నవు గద" అంది.

మొదటి వారమే గద్వాల నుంచి నాగప్ప వచ్చాడు. పట్టుచీరలు నేసే మనిషి. మంచం దిగి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా లేని దారాలు సవరిస్తున్నాడు. తాను రౌండుకు వచ్చేసరికి నెమ్మదించకపోతే చేతులు మంచానికి కట్టేయమని డాక్టరు చెప్పి వెళ్లాడు. "నేసే చేతులు సారూ, కట్టెయ్యకుండ్రి" అని నాగప్ప భార్య నన్ను బతిమాలింది. నన్ను 'సారూ' అన్న మొదటి మనిషి ఆమే. ఆ ఊపులో నాకు పౌరుషం వచ్చింది.

"దారాల్లేవు, చూడు" అంటూ గది నడిమధ్య నుంచి నడిచి చూపించాను.

నాగప్ప ముఖం మాడిపోయింది. "పడుగు దొక్కిండు. పట్టు పడుగు. ఎవని కొడుకువురా నువ్వు?" అంటూ స్టూలు ఎత్తాడు. నేతవాళ్ల వీధిలో నిలువు పోగులు సాగదీసి పరిచిన పడుగును పసిపిల్లలు కూడా దాటరు. నేను డిగ్రీ చదివి దాటాను.

అలికిడి విని సిస్టర్ వచ్చింది. గడప దగ్గర చెప్పులు విడిచి, గోడవారగా చుట్టూ తిరిగొచ్చి అతని పక్కన కూర్చుంది.

"గింత పడుగు ఒక్కనివే పరిసినవా, అన్నా?"

"ఒక్కన్నే, సిస్టరమ్మా. గీ పిలగాడు పోగులు తెంపిండు."

"తెంపినోడే అతుకుతడు. తమ్మీ, కూసో."

పొద్దున ఇచ్చిన సూది పనిచేసేదాకా లేని పోగులు అతుకుతూ కూర్చున్నాను. నా ముడులు నచ్చక నాగప్ప విప్పించి మళ్లీ వేయించాడు. ఆ విసుగులోనే నెమ్మదించి, స్టూలుకు తల ఆనించి నిద్రపోయాడు. డాక్టరు వచ్చేసరికి గాలిలో చేతులాడిస్తున్నది నేనొక్కణ్ణే.

"సిస్టర్, కట్టెయ్యాల్సింది ఎవరిని?" అన్నాడు.

"ఎవర్నొద్దు సార్. ఒకాయన పండిండు, ఒకాయన నేర్సుకుంటుండు."

బయటికొచ్చాక నాతో అంది: "ఉన్నదనకు, లేదనకు. అడ్డం నడవకు, గంతే."

అలా బతుకంతా కూర్చొని తిన్నాను. ఇప్పుడు భ్రాంతి కలిగించే మందులతో మనసుకు వైద్యం చేసేచోట, పక్కన కూర్చునేవాళ్లకు శిక్షణలిస్తున్నారు. అప్పుడప్పుడు నన్నూ పిలుస్తారు. మొదట ఏం చేయాలని నేర్చుకునే పిల్లలు అడుగుతారు. చెప్పులు బయట విడిచి గోడవారగా వెళ్లమంటాను. ఎందుకని అడిగితే, కారణం లోపలున్న మనిషి చెబుతాడంటాను.