ఉమాపతి సారు ఆపని ఫ్యాను

ఉమాపతి గారికి తిరుగుతున్న ఫ్యానో వెలుగుతున్న లైటో కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. వెళ్లి స్విచ్చు ఆపేస్తారు. దాని కింద మనుషులున్నారా, ఉంటే ఏం చేస్తున్నారు అన్న విచారణ ఆయనకు అనవసరం. తార్నాక హోటల్లో పదిమంది పొగలు కక్కే ఇడ్లీ సాంబారు తింటుండగా, బిల్లు కట్టి వెళ్తూ వెళ్తూ మూడు ఫ్యాన్లూ ఆపేశారు. విద్యానగర్‌లో ఎవరిదో పెళ్లి రిసెప్షన్‌కి వెళ్లి, నాలుగు అక్షింతలు వేసి, నిండు మనసుతో దీవించి, దిగుతూ దిగుతూ వేదిక మీది లైట్లన్నీ ఆర్పేశారు. అక్కడి ఫొటోగ్రాఫరు ఇప్పటికీ ఆయన పేరెత్తితే భగ్గుమంటాడు. ఇక ఇంట్లో, ఆయన భార్య వెంకటరమణమ్మ గారు మిక్సీలో వేసిన పచ్చడి ఏనాడూ పూర్తిగా నలిగింది లేదు.

యూనివర్సిటీలో ఆయన జీవరసాయన శాస్త్రం ప్రొఫెసరు. సింధూజ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. చేరిన మొదటి రోజే సారు ఆప్యాయంగా పలకరించి, ఊరు అడిగి, తిండి ఎక్కడ తింటున్నావని కనుక్కుని, ఆమె ముందున్న కంప్యూటర్ ఆపేసి వెళ్లిపోయారు. టైపు చేసిన నాలుగు పేజీలూ గంగలో కలిశాయి. ఆ తరవాత సారు చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, సింధూజ వేలు దానంతటదే 'సేవ్' నొక్కేది.

"సారూ, నడుస్తున్న ఫ్యాను బంద్ చేస్తిరి! నేను గీడనే ఉన్న!" అని ల్యాబ్ అటెండరు బాలరాజు ఒకరోజు మొత్తుకున్నాడు.

"అదేనయ్యా జబ్బంటే!" అన్నారు సారు, పాఠం చెప్పే అవకాశం దొరికినందుకు మురిసిపోతూ. "మన కణాల్లో కైనేజ్ అని ఒక ఎంజైము ఉంటుంది. బయటి నుంచి కబురు అందగానే వెళ్లి ఇంకో ప్రోటీనుకు ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. స్విచ్చు వేసినట్టే. పని అయిపోగానే వేరే ఎంజైము వచ్చి దాన్ని పీకేస్తుంది. ఆఫ్! ఆ పీకేవాడు రాలేదనుకో, వాపు తగ్గదు, కీళ్లు అరిగిపోతాయి. మెదడులోనైతే మతిమరుపు. ముసలితనంలో పట్టుకుని వదలని జబ్బుల్లో సగం, ఎవరూ ఆపని స్విచ్చులే!"

"అయితే గా పీకెటోడు మీరేనన్నట్టు," అన్నాడు బాలరాజు. సారు దాన్ని పొగడ్త అనుకున్నారు.

సింధూజ పరిశోధన కూడా ఆ ఎంజైము మీదే. వాళ్ల ఊళ్లో నాట్లు వేసి వేసి మోకాళ్లు వాచిపోయిన నలభై మంది ఆడవాళ్ల దగ్గర, మూడేళ్లపాటు ఏటా ఒకసారి రక్తం తీసుకుంది. మొదటి పేరు ఆమె నాయనమ్మ సారలమ్మది. ఊరివాళ్లకు భయం పోగొట్టడానికి మొదటిసారి సారు కూడా వెంట వెళ్లారు. అరుగు మీద కూర్చుని, ఆగని స్విచ్చు కథ అరగంట చెప్పారు.

సారలమ్మ అంతా విని, "అంటె మా ఆడిబిడ్డ లెక్క. కొట్లాట పెట్టుడే ఎరుక, ఆపుడు తెల్వది," అంది.

సారు పడీపడీ నవ్వి, ఆ మాటను పాఠంలో చేర్చారు. ఒక ఎమ్మెస్సీ కుర్రాడు 'ఆడిబిడ్డ ఎంజైము' అని పరీక్షలో రాసేస్తే పూర్తి మార్కులు వేశారు. అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఊరి నుంచి వస్తూ వస్తూ సింధూజ వాళ్ల పొలంలో బోరు మోటారు ఆపేసి వచ్చారు. కరెంటు ఇచ్చేదే కాసేపు. ఆ రోజు మడి సగమే తడిసింది.

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గు గనులు ఆగాయి. సింధూజ క్యాంపస్‌లో విద్యార్థులు వేసిన టెంటులో కూర్చుంది. సారుకు ఆ సంగతి చెప్పలేదు. ఆయనది గుంటూరు వైపు. ఏమనుకుంటారో తెలియదు, అడిగితే ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. అందుకని ఆయన కనపడితే పక్కకు తప్పుకుంది.

ఇరవయ్యో రోజున టెంటులో ఎవరో అన్నారు, కరెంటు గంటలకు గంటలు పోతోందని, డిపార్ట్‌మెంటు జనరేటరులో డీజిలు కూడా లేదని. సింధూజ లేచి నిలబడింది. ల్యాబులోని పెద్ద ఫ్రీజరులో ఆమె తెచ్చిన రక్తపు గొట్టాలు నూట ఇరవై ఉన్నాయి. గడ్డకట్టి ఉన్నంతసేపే వాటికి విలువ, కరిగితే చదువు మొత్తం పోయినట్టే. మళ్లీ వెళ్లి సూది గుచ్చుదామంటే, మూడేళ్ల కిందటి నెత్తురు ఇప్పుడు ఎవరి ఒంట్లో ఉంటుంది?

పరుగెత్తి వెళ్లి చూసింది. ఆ సమయానికి కరెంటు ఉంది. ఫ్రీజరుకు మాత్రం లేదు. గోడ మీద స్విచ్చు ఆపేసి ఉంది! తలుపు తెరిస్తే లోపల వెచ్చగా, ఖాళీగా ఉంది. కరిగిపోయిన రక్తాన్ని ఆవిరిలో ఉడికించి పారేయడం ల్యాబు రూలు. పారేశారన్నమాట. స్విచ్చు ఆపిన చెయ్యి ఎవరిదో ఆ భవనంలో చిన్నపిల్లాడైనా చెబుతాడు. సారుకు ఫోను చేసింది. స్విచాఫ్. ఎప్పటిలాగే.

బస్సుల్లేవు. ఎండలో కోపంగా నడుచుకుంటూ తార్నాకలోని సారు ఇంటికి వెళ్లింది. వెంకటరమణమ్మ గారు తలుపు తీశారు.

"సార్ ఉన్నరా మేడం?"

"లేకేం? పడగ్గదిలో దున్నపోతుల దగ్గరున్నారు. వెళ్లి చూడు."

గదిలో మంచం లేదు. నడిమధ్యన రెండు లావుపాటి అల్యూమినియం క్యాన్లు, వాటి మీద కొమ్ములు తిరిగిన ముర్రా దున్న బొమ్మలు. సారు మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెక్క స్కేలు పట్టుకుని ఉన్నారు.

"ఫ్రీజర్ మీరే బంద్ చేసిన్రా సార్?"

"నేనేనమ్మా."

"నేను టెంటుల కూసున్ననని కోపమా? ఒక్క మాట చెప్తే లేచి వస్తుంటి కద సార్!" అంది సింధూజ.

"ఖాళీ ఫ్రీజరుకి కరెంటు దేనికమ్మా?" అంటూ సారు ఒక క్యాను మూత తీశారు. తెల్లటి పొగ పొంగింది. అందులోంచి చిన్న గొట్టాల వరుస ఒకటి పైకి లాగారు. మీద సింధూజ చేతిరాత: 'సారలమ్మ, మొదటి ఏడు.'

సంగతి ఇదీ. బాలరాజు బామ్మర్ది ఘట్‌కేసర్ దగ్గర పశువులకు కృత్రిమ గర్భధారణ చేస్తాడు. దున్నల వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో దాస్తాడు. దానికి కరెంటుతో పనిలేదు. బొగ్గు గనులు ఆగుతాయని, ఇక కరెంటుకు కష్టమేనని పేపర్లో చదివిన రోజే సారు అతని దగ్గర ఖాళీ క్యాన్లు తీసుకున్నారు. స్కేలు ముంచి ఎంత మిగిలిందో చూసుకుంటూ, వారం వారం స్కూటర్ మీద వెళ్లి నైట్రోజన్ పోయించుకొస్తున్నారు.

"హబ్సిగూడలో సమ్మెవాళ్లు ఆపి, ఏముందని అడిగారు. చెప్పినా నమ్మలేదు. మూత తీశాను. టియర్ గ్యాస్ అనుకుని ఒక్కడు మిగలకుండా పరుగో పరుగు!"

"నాకెందుకు చెప్పలే సార్?"

"నీ కంప్యూటర్ తెర మీద ఇంతింత అక్షరాలతో రాసి పెట్టానే!"

"కంప్యూటర్ బంద్ ఉన్నది సార్."

సారు నాలిక కరుచుకున్నారు. "నిజమే. వెళ్తూ నేనే ఆపాను."

తరవాత తల గోక్కుంటూ అన్నారు: "కరెంటు పోతే నువ్వు టెంటు వదిలేసి ఫ్రీజరు ముందు కాపలా కూర్చుంటావు. మనసు టెంటులో ఉంటే మనిషి ఫ్రీజరు దగ్గరెందుకు? మీ ఉద్యమం మీద తీర్పు చెప్పేంతటివాణ్ణి కాను. గొట్టాలు కాయడం మాత్రం నాకు వచ్చు."

ఇన్నాళ్లూ ఈయన్ని చూసి పక్కకు తప్పుకున్నందుకు సింధూజకు సిగ్గేసింది. చెప్పలేనంత సంతోషం కూడా కలిగింది.

వెంకటరమణమ్మ గారు కాఫీ తెచ్చారు. "ఈ పొగ గదిలో నిండితే ప్రమాదమట. కిటికీలు తెరిచి, ఫ్యాను తిరుగుతూనే ఉండాలట. మా పడక హాల్లోకి మారింది. కరెంటు పోతే ఈయనే విసనకర్ర పుచ్చుకుని విసురుతారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఈ ఇంట్లో ఆగకుండా తిరిగిన ఫ్యాను ఇదొక్కటేనమ్మా. అటు చూడు."

సింధూజ చూసింది. స్విచ్చు మీద తెల్లటి ప్లాస్టరు అంటించి ఉంది. దాని మీద సారు చేతిరాత: 'ఉమాపతీ, చెయ్యి తియ్యి. ఇది సింధూజది.'

చదివి ఆమె ఫక్కున నవ్వేసింది. సరిగ్గా అప్పుడే తలపైన ఫ్యాను నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కసారే సారు వైపు తిరిగారు.

ఆయన స్కేలు కింద పడేసి రెండు చేతులూ పైకెత్తారు.

"ఈసారి నేను కాదమ్మా!"