ఇడ్లీ పిండిలో మునిగిన దీవులు

గురువారం తెల్లవారేసరికి ఉత్తర అట్లాంటిక్‌లోని ఒక చిన్న ఫ్రెంచి భూభాగం ఇడ్లీ పిండిలో మునిగిపోయింది. ప్రాణనష్టం లేదు. సెయింట్ పియెర్ రేవులోని అగ్గిపుల్లల పడవలు మాత్రం కొట్టుకుపోయి అవెన్ అడుగున దొరికాయి.

ప్రమాదం జరిగింది న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో, మా పక్క అపార్ట్‌మెంట్‌లో. "అక్కా, మునిగిపోయింది, తొందరగ రా!" అని జ్ఞానప్రసూన ఫోన్ చేస్తే, పైపు పగిలిందనుకుని మాప్ పట్టుకుని పరిగెత్తాను. తీరా చూస్తే, ఐదో తరగతి చదివే కూతురు భవిత స్కూలు ప్రాజెక్టు కోసం ప్రసూన మైదా, ఉప్పు కలిపి చేసిన సెయింట్ పియెర్, మికెలాన్ దీవులు. ఆరడానికి అవెన్‌లో లైటు వేసి పెట్టిందట. చలికాలం మన ఇళ్ళలో అవెన్ లైటు వెలుగుతోందంటే దానికి ఒకటే అర్థం, ఆ వెచ్చదనానికి ఇడ్లీ పిండి పులియబెట్టారని. ఆమె భర్త దివాకర్ అదే అర్థం చేసుకుని, పిండి గిన్నె తెచ్చి పై అరలో పెట్టాడు. పిండి బ్రహ్మాండంగా పొంగింది.

"లైట్ వేసి, పిండి పెట్టుడు మర్చిపోయినవనుకున్న" అన్నాడు దివాకర్.

"కింద ఒక దేశం ఉంటే కనబడలేదా?"

"దేశం కాదు మమ్మీ, టెరిటరీ" అంది భవిత, మంచం మీద నుంచే.

ప్రసూన ఉద్యోగమే అనుమానించడం. మందుల కంపెనీలో, బాగున్న మాత్ర నిజంగానే బాగుందా అని చూస్తుంది. ఆ పని ఇంటికీ వస్తుంది. వీసా ఎక్స్‌టెన్షన్ వచ్చిన రోజు కూడా "ఇంత జల్ది ఎందుకిచ్చిన్రు?" అని అన్నం మానేసింది. కానీ ఆ పొద్దునే భవిత క్లాసులో ఈ దీవుల గురించి మాట్లాడాలి, ఈసారి భయం ఉత్తది కాదు. కిందటిసారి క్లాసులో మాట్లాడమంటే భవిత నోరు పెగల్లేదు. పిల్లలు నవ్వారు. అప్పటినుంచి బళ్ళో అటెండెన్స్‌కి కూడా చెయ్యే ఎత్తుతోంది తప్ప గొంతు లేదు. ఎవరికీ తెలియని దీవులైతే ప్రశ్నలు తక్కువని వీటిని తనే ఎంచుకుంది. చూపించడానికి వేలి కింద ఏదో ఒకటి ఉంటే మాట వస్తుందని తల్లి ఆశ.

గరిటెలతో గీకాం. సెయింట్ పియెర్ ఊరు దక్కింది. మికెలాన్‌ని పక్కనున్న లాంగ్లాడ్ దీవితో కలిపే ఇసుక మేట మాత్రం కరిగిపోయింది. ప్రసూన మైదా ముద్ద అద్ది, పైన ఉప్మా రవ్వ చల్లి, హెయిర్ డ్రయర్ పెట్టింది. కొండల సందుల్లో పిండి తెల్లగా మిగిలిపోయింది.

"టీచర్ అడిగితే ఏం చెప్తవ్ బిడ్డా?"

"ఫాగ్ అని చెప్తా. అక్కడ చాలా ఫాగ్ ఉంటది మమ్మీ."

నా కారు వెనక సీట్లో, హీటర్ వేడికి ఆ ఫాగ్ మళ్ళీ పొంగడం మొదలుపెట్టింది. కిటికీలు దించుకుని వెళ్ళాం.

క్లాసులో మిగతా తల్లిదండ్రులతో పాటు మేమూ వెనక నిలబడ్డాం. భవిత నిలబడింది. ప్రసూన నా మణికట్టు పట్టుకుంది. పిల్ల వేలు మెల్లగా రవ్వ మీదికి పాకింది, మాట కదిలింది. ఇక్కడ ఓడలు చాలా మునిగాయంది. ఉండేది ఆరువేల మందికి లోపే, వాళ్ళ పూర్వీకులు చేపల కోసం ఫ్రాన్స్ తీరాల నుంచి వచ్చారంది. ఫ్రాన్స్ పంపే అధికారి ఒకరుంటారు, తమ మండలిని మాత్రం తామే ఎన్నుకుంటారు, పారిస్‌లో వాళ్ళ తరఫున మాట్లాడే సభ్యులూ ఉన్నారంది.

అప్పుడు నీల్ అనే పిల్లవాడు చెయ్యెత్తాడు. పక్కనే కెనడా ఉంది కదా, అందులో కలవొచ్చుగా?

దానికి జవాబు మైదాలో లేదు. ప్రసూన గోళ్ళు నా చర్మంలో దిగాయి. భవిత వేలు దీవి మీద నుంచి తీసేసింది.

"మా తలుపు బయట న్యూజెర్సీ" అంది ఇంగ్లీషులో, నెమ్మదిగా. "లోపలికొస్తే చెప్పులు విప్పాలి, తెలుగులో తిట్లు తినాలి. వాళ్ళకీ అంతే. ఫాగ్ లేని రోజు కెనడా కనిపిస్తుంది. ఇల్లు మాత్రం ఫ్రాన్స్."

క్లాసంతా నవ్వింది. ఈసారి భవిత కూడా నవ్వింది.

"తిట్లని చెప్పిందేందక్కా, టీచర్ ఏమనుకుంటది?" అని ప్రసూన కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత చాలా రోజులకి పార్కింగ్‌లో ప్రసూన కనిపిస్తే ఉండబట్టలేక అనేశాను. "నా కార్లో ఆ పుల్లటి కంపు ఇంకా పోలేదమ్మా." మామూలుగా అయితే పది సారీలు చెప్పి, కారు కడిగించి, రాత్రంతా నిద్ర మానుకునే మనిషి. ఆ రోజు తాళంచెవి తిప్పుకుంటూ నింపాదిగా నవ్వింది.

"చేపలు పట్టే దీవి గదక్కా, వాసన రాదా మరి!"