బాత్రూములో నిలువు కమ్మీ

మా ఆయన మాదేశ్ సోమవారం నుంచి శనివారం దాకా చాలా బుద్ధిమంతుడు. హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. వాళ్లూ వీళ్లూ చేసిన ఇనుప ముక్కల్ని వెర్నియర్‌తో కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర డబ్బాలో పారేయడం ఆయన ఉద్యోగం. ఆదివారం మాత్రం పనివాడూ తనే, ఇన్‌స్పెక్టరూ తనే. పద్దెనిమిదేళ్లుగా ఆదివారాలు చూస్తున్నాను, తన పనిని తాను రిజెక్టు చేయడం ఒక్కసారీ చూడలేదు.

వంటింట్లో షెల్ఫు బిగించాడు. దాని మీద నిమ్మకాయ పెడితే ఎడమ నుంచి కుడికి దానంతటదే దొర్లిపోతుంది. "గోడే వంకర" అన్నాడు. సింకు కొళాయి మార్చాడు. లోకమంతా మూసే వైపు తిప్పితే అది తెరుచుకుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు చెయ్యి కడుక్కోబోయి చొక్కా తడుపుకోకుండా బయటికి రారు. కాలింగ్ బెల్లు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరూ నొక్కకుండానే మోగుతుంది. "చూడు, కరెంటొచ్చిందని చెప్తాది. ఈ వసతి ఎవురింట్లో ఉండాది?" అని నన్నే ఎదురడిగాడు. ఆయుధపూజకు అందరూ బండ్లకు దండలు వేస్తే మా ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్‌కు పడుతుంది. బొట్టు నా చేతే పెట్టిస్తాడు. నేను మనసులో దాన్ని తిట్టుకుంటూనే పెడతాను.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. కొలతలు నాకూ తెలుసు. అందుకే ఆయనతో ఎప్పుడూ అనేది ఒకటే మాట.

"మామా, నేను మనిషిని కొలిచి గుడ్డ కోస్తాను. నువ్వు గోడను కొలిచి, మనిషిని సర్దుకోమంటావు."

నా మాట వినడు. ఫోనులో వీడియో పెట్టి ఎవరో గడ్డపాయన చెప్తే వింటాడు, అదీ హిందీలో. ఈయనకు హిందీ ఒక్క ముక్క రాదు.

మామా అని పిలిచేది ఎందుకంటే ఆయన నాకు నిజంగానే మేనమామ. మా అమ్మ చౌడమ్మకు సొంత తమ్ముడు. మా పక్క ఇది మామూలే. మా ఊరు వేప్పనపల్లి దగ్గర. ఆయన రెండేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడు వాళ్ల అమ్మ పోయింది. గొర్రెల వెంట తిరుగుతూ ఆయన్ని చంకన వేసుకుని పెంచింది మా అమ్మే. తన పెళ్లయ్యాక కూడా వదలకుండా వెంట తెచ్చుకుంది. అంత పెంచిన మనిషి, ఆయన నా మెడలో తాళి కట్టిన రోజు నుంచి "ఒరే మాదేశా" అనడం మానేసింది. అల్లుడైపోయాడు. ఆయన గదిలోకి వస్తే కొంగు సర్దుకుని లేచి నిలబడుతుంది. "అక్కా, నాకేమిటికి ఈ మర్యాద?" అని ఆయన మొత్తుకుంటాడు. "అల్లుడంటే అల్లుడే" అంటుంది ఈమె. ఇద్దరి మధ్యా నేనొక వెర్రిమొహంలా నిలబడతాను.

ఈ ఏడు ఊళ్లో మామిడికాయల కోత అయిపోగానే అమ్మను హోసూరుకు తెచ్చుకున్నాం. మోకాళ్లు రెండూ బిగుసుకుపోయాయి. డాక్టరు ఆరు వారాల ఫిజియోథెరపీ రాశాడు. రోజూ వచ్చి చేస్తే మామూలుగా నడుస్తుందని, మధ్యలో మానేస్తే ఇక ఆపరేషనేనని ఖచ్చితంగా చెప్పాడు. ఊళ్లో గొర్రెల్ని మా తమ్ముడు పరశురామ్ చూసుకుంటానన్నాడు. అమ్మ ఒప్పుకుంది, ముక్కుతూ మూలుగుతూ. గొర్రెలు తోలే కట్టెను మాత్రం వెంట తెచ్చుకుంది.

మాదేశ్‌కు ఇంతకంటే పండగ ఇంకేముంది! అమ్మ వచ్చిన మొదటి ఆదివారమే బాత్రూములో కమోడు పక్కన గోడకు అడ్డంగా ఒక స్టీలు కమ్మీ బిగించాడు. పట్టుకుని లేవడానికి. ముప్పై మూడు అంగుళాల ఎత్తులో ఉండాలని వీడియోలో చూశాడట. టేపు పెట్టి, లెవెల్ పెట్టి, గోడ మీద పెన్సిలు గీతలు గీసి, మధ్యాహ్నం తిండి కూడా మరిచి చేశాడు. చెప్పకపోతే పాపం, అది నిజంగా బాగా వచ్చింది. వంకర లేదు. రెండు కాళ్లూ పైకెత్తి దానికి వేలాడి చూపించాడు.

"రెండు నూర్ల కేజీలు మోస్తాది అక్కా!"

"బాగుండాది అల్లుడా" అంది అమ్మ.

తర్వాత రెండు వారాలు అంతా సవ్యంగానే ఉందనుకున్నాను. ఒక్కటే వింత, వాకిట్లో కుండీలో కరివేపాకు మొక్క ఉన్నట్టుండి గుబురెక్కింది. నేను నీళ్లు పోయడం మరిచినా మట్టి తడిగా ఉండేది. శనివారం సాయంత్రం కుట్టు మిషన్ దగ్గర నుంచి తల తిప్పితే కారణం కనబడింది. నేనిచ్చిన చెంబెడు నీళ్లు, అమ్మ అటూ ఇటూ చూసి కుండీలో పోస్తోంది.

"ఏమ్మా, నీళ్లు తాగడం లేదా నువ్వు?"

దొంగతనం బయటపడ్డ మొహం పెట్టింది. కాసేపు బుకాయించింది. నేను వదల్లేదు.

"తాగితే పోవాల. పోతే కూచోవాల. కూచుంటే లేసేదెట్ల?" అంది చివరికి.

"ఆ కమ్మీ ఉంది కదమ్మా!"

"పక్కన ఉండాది. పక్కకు లాగితే భుజం పట్టుకుంటా ఉండాది. నా కట్టె తీసకపోయి చూసినాను, టైల్సు మీద జారె. మొన్న అట్లే నేల మీదికి జారిపోయి, పాక్కుంటా వచ్చి, తలుపు పట్టుకోని లేసినాను. నువ్వు మిషన్ కుడతా ఉన్నెవు, నీకు వినపడలా."

పక్క గదిలో అమ్మ నేల మీద పాకుతుంటే నేను ఎవరి బ్లౌజో మిషన్ మీద కుడుతున్నాను.

"మామకు చెప్తే వేరే ఏదైనా చేస్తాడు కదా!"

"చెప్పొద్దు! నా మీద ఒట్టు. దొడ్డికి పోయేది అల్లుడితో చెప్పే మాటా? పోనీలే, సోమవారం పొద్దున కృష్ణగిరికి పోయి, ఆడ వేప్పనపల్లి బస్సెక్కి మన ఊరికి పోతాను."

"డాక్టరు ఏం చెప్పాడు? ఇంకా నాలుగు వారాలుంది!"

"మోకాళ్లు పోతే పోనీ. మానం నిలుస్తాది."

అమ్మ ఒకసారి అన్నదంటే అన్నదే. సంచిలో చీరలు సర్దడం మొదలుపెట్టింది. నేను ఆ ఒట్టును అరగంట సేపు కాపాడాను. అంతకంటే నా వల్ల కాలేదు. మాదేశ్ డ్యూటీ నుంచి రాగానే లోపలి గదిలోకి లాగి అంతా చెప్పేశాను.

కమ్మీ పనికి రావడం లేదంటే ఎగిరిపడతాడని అనుకున్నాను. నోటి దాకా నాలుగు మాటలు తెచ్చి పెట్టుకున్నాను కూడా. ఆయన బూట్లు విప్పకుండానే మంచం మీద కూలబడ్డాడు.

"నా దగ్గర సిగ్గా? నన్ను కడిగి పెంచింది ఎవురు రేణూ?" అన్నాడు.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా నాలుగు మాటలూ మింగేశాను. కాసేపటికి ఆయనే తేరుకుని, "రేపు ఆదివారం" అన్నాడు. ఆ మాటకు నేను భయపడకపోవడం అదే మొదటిసారి.

పొద్దున్నే టేపు పట్టుకుని బాత్రూములో దూరాడు. కమ్మీని కిందికి దించితే? ఎడమ పక్కన ఇంకోటి వేస్తే? పైనుంచి గొలుసు వేలాడదీస్తే? నేను గుమ్మంలో నిలబడి తల కొట్టుకున్నాను.

"మామా, మళ్లీ గోడనే కొలుస్తున్నావు. మనిషిని కొలువు!"

"యాడ కొలిచేది? అడిగితే చెప్పదు కదా!"

ఇద్దరం గుసగుసగానే అరుచుకుంటున్నాం. అమ్మ బయట వాకిలి మెట్టు మీద కూర్చుని ఉంది.

మా లేఅవుట్‌లో ఇంకా సగం సైట్లు ఖాళీగానే ఉన్నాయి. అక్కడికి రోజూ ఎవరివో గొర్రెలు మేతకు వస్తాయి. ఆ పూట అందులో ఒకటి మా వాకిట్లోకి దూరి కరివేపాకు మీద మూతి పెట్టింది. "ఏయ్!" అని అమ్మ కేక. మేమిద్దరం బయటికి పరిగెత్తాం. మేము వచ్చేసరికి అమ్మ లేస్తోంది. లేచి, కట్టె ఊపి గొర్రెను అదిలించింది. అది తోక ఊపుకుంటూ పోయింది.

"చూసినావా?" అన్నాడు మాదేశ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"ఏమిటి, గొర్రెనా?"

"గొర్రెను కాదే, అక్కను!"

నేను సరిగ్గా గమనించలేదు. ఆయన గమనించాడు. "అక్కా, మళ్లీ కూచో" అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు, కూర్చుంది. "ఇప్పుడు లెయ్." లేచింది. కట్టెను పక్కన పెట్టుకోలేదు. కాళ్ల ముందర నిలువుగా నాటింది. రెండు చేతులూ ఒకదాని పైన ఒకటి పట్టి, గడ్డం కట్టెకు ఆనేదాకా ముందుకు వంగి, పైకి లేచింది. గొర్రెలు మేపేవాళ్లందరూ అట్లాగే లేస్తారు. చిన్నప్పటి నుంచి ఎన్ని వేలసార్లు చూశానో, చూసినట్టే లేదు నాకు.

మాదేశ్ ఆమెను నాలుగుసార్లు కూర్చోబెట్టి లేపాడు. కాలి వేళ్ల నుంచి కట్టె ఎంత దూరం, కింది చెయ్యి ఎంత ఎత్తు, పై చెయ్యి ఎంత ఎత్తు, అన్నీ టేపుతో కొలిచి అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

"ఏమి అల్లుడా, నాకు రవిక కుట్టిస్తావా?" అంది అమ్మ విసుగ్గా.

ఆయన అప్పటికే బండి తీశాడు. గంటలో స్టీలు పైపు కోయించుకుని వచ్చాడు, నేల నుంచి పైకప్పు దాకా పొడవు. కమోడుకు ఎదురుగా, దారికి అడ్డం రాకుండా కొంచెం పక్కకు జరిపి, కింద నాలుగు బోల్టులు, పైన నాలుగు బోల్టులు వేశాడు. డ్రిల్లింగ్ మిషన్ చప్పుడుకు వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. నేలలో ఒక టైలు పగిలింది. ఆయన దాని దగ్గర చాలాసేపు గొంతుకూర్చుని, "ఇది రిజెక్టు" అన్నాడు. నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను.

"ఉండనీ మామా, టైలే కదా. పాస్ చెయ్యి" అన్నాను.

సాయంత్రం నాలుగింటికి అమ్మను పిలిచాం. ఆమె గుమ్మంలో నిలబడి కమ్మీని కిందినుంచి పైదాకా చూసింది. అది ఎందుకో అడగలేదు. నేను ఒట్టు తప్పానని తెలిసిపోయింది, నా వైపు ఒక చూపు చూసింది. నేను గోడ వైపు చూశాను. లోపలికి వెళ్లి కమ్మీని పట్టుకుంది. చెయ్యి పైకీ కిందికీ జరిపింది.

"తడి చెయ్యికి జారుతాది. తాడు చుట్టాల" అంది.

మాదేశ్ నూలు తాడు తెచ్చాడు. చేతులు పడేచోట చుట్టడం మొదలుపెట్టాడు. అమ్మ దగ్గర నిలబడి, "ఇంగా పైకి" అంది. "ఇంగా." ఆయన చుట్టాడు. "అట్ల కాదురా, బిగించి లాగు! మేకను కట్టేది మరిచిపోయినావా?"

అల్లుణ్ని 'రా' అన్నానని ఆమెకు తెలిసినట్టు లేదు. ఆయన చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ బిగించి లాగాడు.

తర్వాత అమ్మ మమ్మల్ని బయటికి పంపి తలుపు వేసుకుంది. మేమిద్దరం తలుపు దగ్గర ఆసుపత్రి వరండాలో నిలబడినట్టు నిలబడ్డాం. ఆయన చెవి ఆనించబోతే నేను భుజం పట్టి లాగాను. లోపల నీళ్ల చప్పుడైంది. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది, మామూలుగా, నిటారుగా.

"దప్పిగా ఉండాది. నీళ్లు తేమే" అంది నాతో.

రెండు చెంబులు గటగటా తాగింది. నాకు ఏడుపొచ్చి వంటింట్లోకి పోయాను. సోమవారం బస్సు మాట ఎవరూ ఎత్తలేదు.

ఎండ దిగాక అమ్మ వాకిలి మెట్టు మీద కూర్చుంది. మాదేశ్ వాకిట్లో సామాన్లు తుడిచి పెట్టెలో సర్దుకుంటున్నాడు. అమ్మ చాలాసేపు ఆయన్నే చూస్తూ ఉండి, "ఒరే మాదేశా" అంది. ఈసారి తెలిసే అంది.

"ఏమక్కా?"

"ఇంగొగ పని ఉండాది. నాకు వంగను కాలేదు. రెండు నెల్లాయె."

చీర అంచు కొంచెం పైకి లాగి కాళ్లు ముందుకు చాపింది. కాలిగోళ్లు పెరిగి వంకర తిరిగి ఉన్నాయి. ఒక బొటనవేలి గోరు కండలోకి దిగి, చుట్టూ ఎర్రగా వాచింది. ఆమె అన్ని రోజులూ దాంతోనే నడిచింది. మనిషిని కొలుస్తానని ఆయన దగ్గర అంత గొప్పలు పోయేదాన్ని, మా అమ్మ కాళ్ల వైపు ఒక్కసారీ చూడలేదు.

మాదేశ్ వెంటనే పెట్టెలోంచి కటింగ్ ప్లయరు తీశాడు.

"ఒరేయ్! అది నా కాలా, కరెంటు తీగా?" అంది అమ్మ.

నేను లోపలి నుంచి గోళ్ల కత్తెర, బేసిన్లో వేడినీళ్లు తెచ్చిచ్చాను. ఆయన కింది మెట్టు మీద కూర్చుని, ఆమె పాదాన్ని కాసేపు నీళ్లలో నాననిచ్చి, తువ్వాలుతో తుడిచి, తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక్కొక్క వేలే పట్టి, కంపెనీలో ముక్కల్ని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా కోశాడు. వాచిన వేలి దగ్గర అమ్మ పళ్లు బిగపట్టింది. ఆయన ఊదుతూ కోశాడు.

ఎదురింటి నళిని పాల ప్యాకెట్టుతో పోతూ మా వాకిట్లో ఆగిపోయింది.

"ఏమి పెద్దమ్మా, అల్లుడి చేత గోళ్లు తీయించుకుంటా ఉండారా!"

అమ్మ కాలు వెనక్కి లాక్కుంటుందని అనుకున్నాను. లాక్కోలేదు.

"అల్లుడు డ్యూటీకి పోయినాడమ్మా" అంది. "వీడు నా తమ్ముడు."

మాదేశ్ తల ఎత్తలేదు. రెండో కాలు ఒళ్లోకి తీసుకున్నాడు.