ఖైరున్నీసా కట్టిన గుట్ట

నరసరావుపేటలో అమ్జద్ షెడ్డంటే మిషన్ల వాళ్ళందరికీ తెలుసు. క్వారీల్లో నలిగిపోయిన జేసీబీలు అక్కడికొచ్చి బాగుపడి వెళ్తుంటాయి. ఆయన భార్య ఖైరున్నీసా పేరు మాత్రం మొన్నమొన్నటిదాకా ఎవరికీ తెలీదు. ఇప్పుడు మాచర్ల దాకా తెలుసు. అదెట్లా జరిగిందో చెప్పాలంటే అమ్జద్ పొట్ట దగ్గర మొదలుపెట్టాలి.

కేబుల్ గుంటలు తవ్వే కాంట్రాక్టరు ఒకాయన ఆ పని మానుకుంటూ తన మినీ ఎక్స్‌కవేటర్ని అమ్మకానికి పెట్టాడు. మంచం కంటే కాస్త వెడల్పు, అంతే. ఇంటి గేట్లోంచి లోపలికి దూరుతుంది. జనం దాన్ని పిల్ల జేసీబీ అంటారు. అమ్జద్ ముచ్చటపడి కొన్నాడు. తీరా ఎక్కి కూర్చుంటే ముందున్న లివర్లకి పొట్ట తగిలింది. గట్టిగా ఊపిరి పీల్చాడు, మిషన్ చేయి గిర్రున తిరిగింది. షెడ్డు రేకు ఒకటి చిరిగాక దిగాడు.

"ఖైరూ, నువ్వొకసారి ఎక్కి చూడవే," అన్నాడు.

ఖైరున్నీసా సన్నటి మనిషి. ఎక్కింది. షెడ్డు వెనకాల ఖాళీ జాగాలో పాత టైర్లు ఎత్తి పేర్చడం, మళ్ళీ దించడం, అదే పనిగా సాధన చేసింది. ఆ రంజాను వచ్చేసరికి మిషన్ చేతి చివరుండే బకెట్ పళ్ళతో గులాబీ మొక్కని వేరు తెగకుండా లేపే దాకా వచ్చింది. ఇరుకు సందుల్లో పెద్ద మిషన్లు పట్టని పెరళ్ళు చానా ఉన్నాయి. పనికి లోటు లేకపోయింది.

లోటల్లా నమ్మకానికే. పని చేయించుకునే ఇంటివాళ్ళు అమ్జద్‌ని పట్టుకుని, "ఆపరేటర్ ఏడి?" అని అడిగేవాళ్ళు. "ఈమే" అంటే, "నీళ్ళ పైపు పగిలితే ఎవరిది బాధ్యత?" అనేవాళ్ళు. చివరికి మొగుడూ పెళ్ళాం ఒక ఉపాయం పన్నారు. ఆమె మిషన్ నడుపుతుంటే, అమ్జద్ ముందు నిలబడి చేతులు ఊపుతూ, "కుడికి! ఆ, దించు! చాలు!" అని అరిచేవాడు. ఆయన కుడి అన్నప్పుడు ఆమె ఎడమకి తిప్పినా ఎవరూ గమనించలేదు. మగమనిషి అరుస్తున్నాడు కాబట్టి పని సక్రమంగా జరుగుతోందని అందరికీ ధైర్యం.

ఖైరున్నీసా కూడా తక్కువదేం కాదు. ఫోన్లో వీడియోలు చూసి తోటలు కట్టడం నేర్చుకుని, "హైదరాబాద్‌లో కోర్సు చేశానండీ" అని చెప్పేది. ఆమె హైదరాబాద్ వెళ్ళింది పెళ్ళిళ్ళకి మాత్రమే. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. "రాళ్ళు పేరుస్తా" అంటే జనం బేరమాడతారు. "రాక్ గార్డెన్ కాన్సెప్ట్" అంటే కుర్చీ వేసి టీ ఇస్తారు. కూతురి పేరు మీద 'జెబా క్రియేటివ్ గార్డెన్స్' అని బోర్డు రాయించింది.

ఆ బోర్డు చూసే త్రికోటేశ్వరరావు కారాపాడు. గురజాల దగ్గర కొత్త వెంచర్ వేస్తున్నాడాయన. ప్లాట్ల మధ్యలో ఎర్రగుట్ట ఒకటి అడ్డం ఉంటే, పెద్ద మిషన్లు పెట్టి వేసవంతా తవ్వించి నేలమట్టం చేశాడు. ఇప్పుడు ఆయనకో కోరిక పుట్టింది.

"వెంచర్ ముందర ఒక గుట్ట కావాలమ్మా. న్యాచురల్‌గా ఉండాల. పైనుంచి నీళ్ళు పడాల. ఓపెనింగ్‌కి పెద్దాయన వస్తున్నాడు."

పెద్దాయనంటే, ఏ పదవీ లేకపోయినా చుట్టుపక్కల రిబ్బన్లన్నీ తనే కత్తిరించే నాయకుడు.

ఖైరున్నీసా జాగా అంతా తిరిగి చూసింది. వెనక కంచె పక్కన, తవ్విపోసిన ఎర్రగుట్ట రాళ్ళు గుట్టగా పడున్నాయి. ఆ రాళ్ళనే ఒక్కొక్కటిగా ముందుకి మోసింది. అడుగున వెడల్పాటివి, వాటి సందుల్లో మట్టి, పైన నాచు పట్టిన ముఖం బయటికి కనపడేలా మంచి రాళ్ళు. పైప్ కనపడకుండా లోపలినుంచి తీసుకెళ్ళింది. శిఖరాన ఒక బండని నిలబెట్టేందుకు ఒక పూటంతా పట్టింది. అది ఎటునుంచి చూసినా కూర్చున్న పిట్టలా ఉండాలని ఆమె పట్టుదల. అమ్జద్ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

పని జరుగుతుండగా మేకలు కాసే రోశమ్మ వచ్చి నిలబడింది. చాన్నాళ్ళుగా ఆ గుట్ట మీదే మేపుకునేది.

"ఈ రాళ్ళు మన ఎర్రగుట్టవి గదా? దాన్ని తీసేసి మళ్ళీ గుట్ట ఏందమ్మా?"

"అది ఉత్త గుట్ట పిన్నీ. ఇది కాన్సెప్ట్."

"మేకలు ఎక్కొచ్చా?"

"ఎక్కకూడదు. పైప్ ఉంది."

"అట్టయితే మాకెందుకులే," అని రోశమ్మ మేకల్ని మళ్ళించుకుపోయింది. ఖైరున్నీసాకి ఆ మాట ఎందుకో గుచ్చుకుంది కానీ, పిట్ట బండని చూసుకుని సర్దుకుంది.

ఓపెనింగ్ రోజు షామియానాలు, డప్పులు, మైకులో దానియేలు వ్యాఖ్యానం. ఆ ఊరి సభలన్నిటికీ మైకు అతనిదే. పెద్దాయన తెల్లబట్టల్లో వచ్చి రిబ్బన్ కత్తిరించాడు. కొబ్బరికాయ కొట్టాడు. తిరిగి వెళ్తూ, పక్కన ఆపి ఉన్న చిన్న మిషన్ని చూశాడు.

"ఇదేదో బాగుందే!"

"అన్నా, ఎక్కి ఒక్క ఫోటో!" అన్నారు అనుచరులు.

ఖైరున్నీసా వద్దనలేకపోయింది. జాగ్రత్తగా ఎర్ర లివర్ పైకి లేపింది. అది పైకి ఉన్నంతసేపూ మిగతా లివర్లు పనిచేయవు. చుట్టూ తాడు కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టింది. "ఇంజన్ ఆన్‌లో ఉంటేనే ఫోటో జీవంగా వస్తది" అన్నాడు ఫోటోగ్రాఫర్. సరేనని ఇంజన్ కూడా ఆన్ చేసింది. అక్కడే ఆమె తప్పు చేసింది.

పెద్దాయన ఎక్కి కూర్చున్నాడు. ఎర్ర లివర్ ఆయన కండువాకి అడ్డంగా ఉందని ఒక అనుచరుడు దాన్ని వినయంగా కిందికి దించాడు. పెద్దాయన జనానికి చెయ్యి ఊపాడు. ఆ ఊపులో రెండో మోచెయ్యి లివర్ని తోసింది.

మిషన్ చేయి సర్రున తిరిగి గుట్ట తలమీద పడింది. పిట్ట బండ దొర్లింది. దాని వెనకాల ఇంకొన్ని రాళ్ళు. పైప్ విరిగి నీళ్ళు చెట్టంత ఎత్తుకి ఎగజిమ్మాయి. తెల్లబట్టలు ఒళ్ళంతా అతుక్కుపోయాయి. ఖైరున్నీసా ఒక్క ఉరుకున వెళ్ళి ఎర్ర లివర్ లేపింది.

డప్పులు ఆగిపోయాయి. దానియేలు మైకు పట్టుకున్నవాడు. మైకు ముందు నిశ్శబ్దాన్ని భరించలేడు.

"మన ప్రియతమ నాయకుడు స్వహస్తాలతో కొండను చీల్చి గంగను పైకి తెచ్చిన ఈ అపురూప దృశ్యం!"

చప్పట్లు మోగిపోయాయి. డప్పులు అందుకున్నాయి. పెద్దాయన జనం వంక చూశాడు, తడిసిన చేతుల వంక చూసుకున్నాడు. మెల్లగా నవ్వి రెండు చేతులూ ఎత్తాడు.

త్రికోటేశ్వరరావు మొహంలో నెత్తురు లేదు. "రేపటికి మళ్ళీ కట్టేయాలమ్మాయ్," అని ఖైరున్నీసా చెవిలో గొణిగాడు.

పెద్దాయన అది విన్నాడు. "ఎవరూ ముట్టుకోవద్దు. ఇందాకటికంటే ఇప్పుడే న్యాచురల్‌గా ఉంది."

"అవునన్నా, నాకూ అదే అనిపించింది," అన్నాడు త్రికోటేశ్వరరావు.

ఖైరున్నీసా మిషన్ తీసుకుని ఇంటికొచ్చింది. వచ్చాక ఏడ్చింది. "ఆ బండ నిలబెట్టటానికి ఎంత కష్టపడ్డా! పగలగొట్టినోడికి చప్పట్లా?"

అమ్జద్ పక్కన కూర్చున్నాడు. బొంగురుపోయిన గొంతుతో, "పిట్ట మాత్రం అచ్చం పిట్టే," అన్నాడు. పొయ్యి దగ్గరికెళ్ళి తనే చాయ్ పెట్టాడు. ఆమెకి కాస్త ఊరట కలిగింది.

ఈలోపు వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. ఫోన్లు మొదలయ్యాయి. మాచర్లలో ఫంక్షన్ హాలు ఓనరు, పిడుగురాళ్ళలో డాక్టరు, అందరిదీ ఒకటే మాట: "పెద్దాయన చీల్చిన మోడల్ కావాలి." మంచి గుట్ట కట్టిస్తానంటే ఎవరూ వినలేదు. ఖైరున్నీసా కొన్నాళ్ళు బింకంగా ఉండి, తర్వాత ఆ పనికీ ఒక పేరు పెట్టింది: న్యాచురల్ బ్రేక్ కాన్సెప్ట్. ముందు గుట్ట మొత్తం శ్రద్ధగా కట్టేది. శిఖరాన బండ నిలబెట్టేది. దాన్ని ఒక సాయంత్రం తనివితీరా చూసుకుని, మర్నాడు తనే పడగొట్టేది. పడగొట్టేటప్పుడు మాత్రం అమ్జద్‌ని అరవనిచ్చేది కాదు.

మొన్న వినుకొండలో శివ అనే కొత్త హోటల్ యజమాని గుట్ట కట్టించుకున్నాడు. పడగొట్టడానికి పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టించాడు. బంధువులంతా పట్టుచీరల్లో వచ్చారు. అంతా అయ్యాక అతను గుట్ట చుట్టూ తిరిగి, పడిన రాళ్ళని ఒక్కొక్కటే కాలితో తట్టి చూశాడు.

"ఎడమ పక్క ఇంకొంచెం పడాల్సిందేమో అక్కా?"

"ఇంకొంచెం పడితే పాడైపోయినట్టు ఉంటదన్నా," అంది ఖైరున్నీసా సీరియస్‌గా.

శివ ఎడమ పక్కని ఇంకోసారి చూసుకుని, నిజమేనని తలాడించాడు.